ముద్రలో నాలుగో ముక్క

సిర్మోని చంపింది టర్కీ సైనికులు కాదు. ఊరి పెద్ద అస్తేరియోస్. ఆమె భర్త పాస్కాలిస్ ఇంట్లో ఇది వాదించుకునే సంగతి కాదు. వాకిట్లో అక్రోటు చెట్టు ఉన్నట్టు, పొయ్యి పక్కన గోడ నల్లబడి ఉన్నట్టు, ఇదీ ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఉంది.

ఇప్పుడా అస్తేరియోస్‌కి పాలరాతి బొమ్మ పెడుతున్నారు. పెత్రోవ్రిసి అనే ఆ గ్రీకు ఊరికి టర్కీ వాళ్ళ నించి విముక్తి వచ్చి ఇరవయ్యేళ్ళు నిండుతున్నాయి. టర్కీ పాలనలో ఊరిని కాపాడినవాడు, కొండ మీది దళానికి తిండీ తూటాలూ పంపినవాడు, ముసలితనం వచ్చినా ఇంకా బతికే ఉన్నాడు కాబట్టి కళ్ళారా చూసుకోనిద్దామన్నారు. పునీత దిమిత్రి పండగ రోజున జిల్లా అధికారి వచ్చి గుడ్డ తొలగిస్తాడు.

ఆ పని మీదే బడిపంతులు ఎవ్రిపిడిస్ పాస్కాలిస్ ఇంటికొచ్చాడు. కొత్తవాడు. ఊరికొచ్చి రెండేళ్ళయింది.

"తాతా, ఊరి పాత ముద్రలో నాలుగో ముక్క మీ దగ్గరుందట కదా."

"ఉంది."

"మిగతా మూడూ దొరికాయి. నాలుగూ కలిపి ఒక సన్మానపత్రం మీద ముద్ర వేసి, ముద్రనీ పత్రాన్నీ రేకు పెట్టెలో పెట్టి పీఠంలో భద్రం చేద్దామని కమిటీ నిర్ణయం."

"ఎవరి బొమ్మ కింది పీఠం?"

"అస్తేరియోస్ గారిది. మీకు తెలియదా?"

"తెలుసు. నీ నోటితో విందామని అడిగాను."

పంతులు నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. "ఆయన లేకపోతే ఈ ఊరే లేదంటారు తాతా."

"అంటారు," అన్నాడు పాస్కాలిస్. "ముక్క ఇవ్వను. వెళ్ళేటప్పుడు గేటు దగ్గరికి వెయ్యి, మేకలొస్తాయి."

ఆ ముద్ర సంగతి ఇదీ. టర్కీ వాళ్ళ రోజుల్లో ఊరి తరఫున ఏ కాగితం పోవాలన్నా ఒకే ముద్ర ఉండేది. అరచేతంత ఇత్తడి బిళ్ళ, మీద గుర్రమెక్కిన పునీత దిమిత్రి. దాన్ని నాలుగు ముక్కలుగా కోసి నాలుగు పేటల పెద్దలకి తలా ఒకటి ఇచ్చారు. నలుగురూ ఒప్పుకుని ముక్కలు కలిపితేనే ముద్ర పడుతుంది. ఒక్కడు లేకపోయినా ఆ కాగితం చెల్లదు. పునీతుడి తల అస్తేరియోస్ దగ్గర, గుర్రం తల ఒకరి దగ్గర, ఈటె పట్టిన చెయ్యి ఇంకొకరి దగ్గర. గుర్రం వెనక కాళ్ళూ తోకా పాస్కాలిస్‌కి వచ్చాయి. దానిమీద వేళాకోళాలు అతని పెళ్ళికి ముందు నించీ ఉన్నాయి.

ఇంకో ఆనవాయితీ ఉండేది. ముక్క ఇచ్చేవాడు కాగితం చదవకూడదు. చదువుతానంటే ఊరి పెద్దని మొహం మీదే దొంగ అన్నట్టు. కోతల రోజుల్లో పొలం వదిలి రాలేనివాళ్ళు ముక్కని చేతిగుడ్డలో కట్టి పంపేసేవాళ్ళు. ఆ ఊళ్ళో నమ్మకం అంటే అదే. తెలివితక్కువతనం అన్నా అదే.

పంతులు ఉత్తచేతులతో తిరిగొచ్చాడన్న మాట మర్నాటికి కాఫీ దుకాణం చేరింది. పాస్కాలిస్ పొగాకు కొనడానికి వెళ్తే దుకాణం గూస్యోస్ ఊరుకోలేదు.

"ఏం మామా, వెనక కాళ్ళు నువ్వుంచేసుకుంటే పండక్కి పునీత దిమిత్రి గుర్రం ముందు కాళ్ళ మీదే దేక్కుంటూ రావాలా?"

"తలకాయ అస్తేరియోస్ దగ్గరుందిగా. మీకు అది చాలు."

"పోనిద్దూ. మీ ఇద్దరి మధ్యా ఏముందో గానీ, పొలం గట్టు తగాదా అయితే ఈపాటికి ఆ గట్టు కూడా అరిగిపోయుంటుంది."

కుర్రాళ్ళు నవ్వారు. పాస్కాలిస్ పొగాకు తీసుకుని వచ్చేశాడు. పొలం గట్టు అనుకోనీ. సిర్మో పోయాక మతి కాస్త చెదిరిందనుకునేవాళ్ళూ ఉన్నారు. అలాగే అనుకోనీ.

సిర్మో క్యాబేజీ పీపాలు మోసుకెళ్ళేది. చలికాలంలో ప్రతి ఇంట్లోనూ ఉప్పునీళ్ళలో ఊరేసుకునే క్యాబేజీయే. పీపా అడుగున మైనపుగుడ్డలో చుట్టిన తూటాలు, పైన క్యాబేజీ. గాడిద మీద వేసుకుని, కొండ మీద మేకల దొడ్డిలో ఉన్న పుట్టింటివాళ్ళకి పట్టుకెళ్తున్నానని చెప్పేది. వంతెన దగ్గర సైనికులు జనవరి చలిలో ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టేవాళ్ళు కాదు. వాసనకే మొహం తిప్పుకునేవాళ్ళు. ఆరు నెలలు సాగింది. ఈ ఉపాయం అస్తేరియోస్‌ది. ఏ రోజు పోవాలో, ఎన్ని పెట్టాలో చెప్పేదీ అతనే.

ఆ రోజు ఒక్క పీపాలో మూడు వారాల తూటాలు పెట్టించాడు. దళానికి తొందరగా కావాలన్నాడు. పీపా ఎత్తడానికి మగవాళ్ళిద్దరు పట్టారు. గాడిద నడుం వంగింది.

"అన్నయ్యా, ఇది క్యాబేజీ బరువులా లేదు," అంది సిర్మో గుమ్మంలో నిలబడి.

"రోజూ చూసే మొహమే కదమ్మా. నిన్నెవరాపుతారు," అన్నాడు అస్తేరియోస్.

పట్టుకోవడానికి పీపా తెరవాల్సిన పని లేకపోయింది. వంతెన దగ్గర సార్జంటు గాడిద వంగిన నడుం చూసి సిర్మోని పట్టుకున్నాడు. అంతే.

మూడో రోజు మధ్యాహ్నం అస్తేరియోస్ మడిచిన కాగితం పట్టుకుని పాస్కాలిస్ ఇంటికొచ్చాడు. విడుదల కోసం అర్జీ రాశానన్నాడు. ఆడమనిషి, తెలియక చేసింది, దయ చూపండి అని. "ముక్క ఇవ్వు తమ్ముడూ. సాయంత్రంలోగా అధికారికి అందాలి." పాస్కాలిస్ మెళ్ళో తాడు విప్పి ముక్క చేతిలో పెట్టాడు. కాగితం అస్తేరియోస్ బొటనవేలి కిందే ఉంది. పాస్కాలిస్ ఊరి బళ్ళో నాలుగు తరగతులు చదువుకున్నాడు. చదవడం వచ్చు. అడగలేదు.

అతని పెళ్ళిలో భార్యాభర్తల తలల మీద కిరీటాలు మార్చింది ఆ అస్తేరియోసే. ఆ ఊళ్ళో అది చేసినవాడు తోడబుట్టినవాడితో సమానం. అలాంటివాణ్ణి కాగితం చూపించమని ఎవడడుగుతాడు.

సిర్మో పట్నం జైల్లో పదకొండు వారాలుండి జ్వరంతో పోయింది. జైలు వెనక గుంటలో పూడ్చారు. ఏళ్ళు గడిచాక ఎముకలు తీసి, ద్రాక్షసారాయితో కడిగి, పేరు రాసిన పెట్టెలో పెట్టి చర్చి పక్క గదిలో ఉంచడం ఆ ఊళ్ళో చచ్చిన ప్రతివాడికీ జరుగుతుంది. సిర్మోకి జరగలేదు. ఆ గుంటలో ఎవరి ఎముకలు ఎవరివో.

అయిదేళ్ళ తర్వాత గ్రీకు సైన్యం వచ్చింది. పట్నంలో టర్కీ అధికారి కచేరీ బీరువాలన్నీ వీధిలోకి బోర్లించారు. సైనికులు ఆ కాగితాలతో కాఫీకి మంట వేసుకుంటున్నారు. పాస్కాలిస్ ఆ గుట్ట పక్కన రెండు రోజులు కూర్చున్నాడు. భార్యని ఎక్కడ పూడ్చారో రాసిన కాగితం ఏదైనా దొరుకుతుందని వెతికాడు. అది దొరకలేదు. గుర్రం వెనక కాళ్ళు దొరికాయి. తన కాళ్ళు, తన తోక, మసితో పడ్డ ముద్రలో స్పష్టంగా. పైన అస్తేరియోస్ చేతిరాత.

"సిర్మో అనే స్త్రీని మా ఊరి పెద్దలు పంపలేదు. ఆమె తనంతట తాను పోయింది. ఆమె నడత మంచిది కాదు. మగవాళ్ళ కోసం కొండెక్కుతుందని ఊరందరికీ తెలుసు."

అర్జీ లేదు. దయ అన్న మాట లేదు.

పాస్కాలిస్ ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి పునీతుల పటాల వెనక పెట్టాడు. ఎవరికీ చూపలేదు. చూపాలంటే చదవాలి. ఊళ్ళో ఎవరూ సిర్మోని ఆ మాట అనలేదు, అలా ఎవరికీ తోచనే లేదు. కాగితం బయటపెడితే అస్తేరియోస్ పరువు ఒక రోజు పోతుంది. ఆ రెండు వాక్యాలు మాత్రం సిర్మో పేరుకి అంటుకుని ఎన్నాళ్ళైనా ఉంటాయి. నిప్పు లేకుండా పొగ ఎలా వస్తుందని అడిగేవాడు ఒక్కడు చాలు. అందుకని నోరు మూసుకున్నాడు. అస్తేరియోస్‌ని అన్నా అనడం మాత్రం ఆ రోజే మానేశాడు.

పండగ ఇంకా తొమ్మిది రోజులుందనగా అస్తేరియోస్ తనే వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు కర్రల మీద. పాస్కాలిస్ వాకిట్లో కూర్చుని అక్రోట్ల పచ్చితొక్క ఒలుస్తున్నాడు. తొక్క రసంతో చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"తమ్ముడూ."

"కూర్చో పెద్దమనిషీ."

అస్తేరియోస్ బల్ల మీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు నన్ను అన్నా అని పిలిచి ఇరవయ్యేళ్ళయింది. ఎందుకో చెప్పలేదు."

"నువ్వూ అడగలేదు. తెలుసు కాబట్టి."

పాస్కాలిస్ చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి కాగితం తెచ్చాడు. విప్పి అతని ఒళ్ళో పెట్టాడు. అస్తేరియోస్ చదవలేదు. చదవక్కర్లేదు. కింద ముద్రని వేలితో తడిమాడు.

"ఎక్కడ దొరికింది?"

"బజార్లో. కాఫీకి కాలుస్తుంటే."

తర్వాత అస్తేరియోస్ గొంతు సవరించుకున్నాడు, సభలో మాట్లాడబోతున్నట్టు.

"పక్క ఊరిని ఏం చేశారో చూశావు. మనది నూట పది గడప. ఊరే పంపిందని తేలితే ఒక్క గడప మిగిలేది కాదు."

"మిగిలేది కాదు."

"కొండ మీద ముప్పై మంది. మన తిండితో బతికారు. మనం పోతే వాళ్ళూ పోయేవాళ్ళు. వాళ్ళు పోతే ఈ విముక్తి ఎక్కడిది?"

"నిజమే."

"మరి నన్నేం చెయ్యమంటావయ్యా?"

"తనంతట తాను పోయిందని రాశావు. రాస్తే రాశావు. ఊరి కోసం ఆడిన అబద్ధం. నీ చోట నేనున్నా అదే రాసేవాణ్ణేమో." పాస్కాలిస్ వంగి కాగితం మీద నల్లటి వేలు పెట్టాడు. "దాని కింద రెండు వాక్యాలున్నాయి. అవెందుకు?"

అస్తేరియోస్ చెట్టువైపు చూశాడు.

"అధికారి నమ్మాలి కదా. ఆడది తనంతట తాను తూటాలు మోస్తుందా అంటాడు. ఏదో ఒక కారణం చూపించాలి."

"అమ్మా అని పిలిచేవాడివి దాన్ని."

"పిలిచాను."

"మా ఇంట్లో తిన్నావు. దాని చేతి క్యాబేజీ తిన్నావు."

"తిన్నాను, తిన్నాను. ఎన్నిసార్లు అడిగినా తిన్నాననే చెబుతాను." ముసలాయనకి విసుగొచ్చింది. "అంత మంటగా ఉంటే పండగ రోజు బజార్లో నిలబడి చదువు. జిల్లా అధికారి ఉంటాడు, బ్యాండు ఉంటుంది. నేనేం అడ్డు రాను. పైకి చదువు, ప్రతి మాటా."

గొంతు పెంచలేదు. పెంచాల్సిన పనీ లేదు. ఆ రెండు వాక్యాలు పాస్కాలిస్ నలుగురిలో చదవలేడని అతనికి తెలుసు. పటాల వెనక ఇరవయ్యేళ్ళు దాచినవాడు ఎందుకు దాచాడో ఊరి పెద్దకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. పాస్కాలిస్ చేతిలో అక్రోటు చితికిపోయింది. ఆ చేత్తోనే రెండు కర్రలూ లాక్కుని మేకల దొడ్లోకి విసిరేసి, పాక్కుంటూ పో అందామనిపించింది. అనలేదు. అతనికి కావలసింది వేరే ఉంది.

"ముద్రతో అన్న మాట ముద్రతోనే పోవాలి," అన్నాడు. "కొత్త కాగితం రాయి. ఊరి పెద్దల ఆజ్ఞ మీద సిర్మో తూటాలు మోసింది, పంపింది నేను, ఆమె మచ్చ లేని మనిషి అని. నాలుగు ముక్కలూ కలిపి ముద్ర వెయ్యి. పండగనాడు అందరి ముందూ చదువు. అప్పుడు నా ముక్క తీసుకుపోయి నీ బొమ్మ కింద పాతిపెట్టుకో."

అస్తేరియోస్ ఒళ్ళోని పాత కాగితాన్ని మళ్ళీ మడిచాడు. "ఈ కాగితం?"

"నీ ముందే కాల్చేస్తాను. నీ కోసం కాదు. ఆ రెండు వాక్యాల కోసం."

"సరే," అన్నాడు అస్తేరియోస్. లేచి నిలబడ్డాక, "నా మాట మీద నమ్మకం ఉందా తమ్ముడూ?" అన్నాడు.

"లేదు. ఈసారి చదువుతాను."

చదివాడు. ఆదివారం చర్చి అయిపోయాక, పంతులు ఎదురుగానే, మూడు సార్లు చదివాడు. అడిగినవన్నీ ఉన్నాయి. "మా ఆజ్ఞ మీద" ఉంది. "పంపింది నేను" ఉంది. మచ్చ లేని మనిషి అనీ ఉంది. పంతులు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఇంత గొప్ప సంగతి ఊళ్ళో ఎవరూ చెప్పలేదేమని అడిగాడు. నాలుగు ముక్కలూ పిడిలో బిగించి కొవ్వొత్తి మంట మీద మసి పట్టించారు. కొత్త కాగితం మీద పునీత దిమిత్రి నాలుగు కాళ్ళ గుర్రం మీద పడ్డాడు. అదే మంటకి పాస్కాలిస్ పాత కాగితం అంటించాడు. వేళ్ళు కాలేదాకా వదల్లేదు. మసిని కాలితో నేలకి రాశాడు.

ఇంటికొచ్చి రొట్టె తిన్నాడు. ఇరవయ్యేళ్ళలో ఆ రోజు తిన్నట్టు ఎప్పుడూ తినలేదు. దాని గురించి కూడా తర్వాత సిగ్గుపడ్డాడు.

పండగ రోజున రేకుపనివాడు పొద్దున్నే పెట్టెకి సీసం పోసి మూసేశాడు. లోపల సన్మానపత్రం, నాలుగు ముక్కల ముద్ర, సిర్మో కాగితం. చదవాల్సిన కాగితాన్ని పెట్టెలో ఎందుకు పెట్టారని పాస్కాలిస్ పంతుల్ని అడిగాడు.

"అస్తేరియోస్ గారే పెట్టమన్నారు తాతా. విషయమంతా కంఠతా వచ్చునట. ఎలాగూ ఆయనకి కళ్ళు ఆనవు కదా."

అప్పటికే మేస్త్రీ పెట్టెని పీఠంలోకి తోసి సిమెంటు పూస్తున్నాడు. బ్యాండు మొదలైంది. జిల్లా అధికారి గుడ్డ లాగాడు. పాలరాతి అస్తేరియోస్ అసలు అస్తేరియోస్ కన్నా లావు మీసంతో బయటపడ్డాడు. ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

అసలువాడు కర్రల మీద లేచాడు. కష్టాల రోజుల గురించి చెప్పాడు, దళం గురించి చెప్పాడు. తర్వాత టోపీ తీశాడు.

"ఈ రోజు ఒక ఆడకూతుర్ని తలుచుకోకపోతే పాపం. మన పాస్కాలిస్ భార్య సిర్మో. మచ్చ లేని మనిషి. క్యాబేజీ పీపాలో తూటాలు పెట్టుకుని మన వీరులకి మోసింది. ఆమెని ఎవరూ పంపలేదు. ఎవరూ చెప్పలేదు. తనంతట తాను పోయింది. ఈ నేల మీద ప్రేమతో పోయింది."

ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. గూస్యోస్ టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు. ఎవరో పాస్కాలిస్‌ని కౌగిలించుకుని బుగ్గ మీద ముద్దు పెట్టారు. చప్పట్లు అస్తేరియోస్‌కి కొట్టినదానికన్నా ఎక్కువ మోగాయి.

తనంతట తాను. అదే మాట. అప్పుడు ఊరిని తప్పించడానికి అన్నాడు, ఇప్పుడు తను తప్పించుకోవడానికి అన్నాడు. అప్పుడు తిట్టు కింద పెట్టాడు, ఇప్పుడు పొగడ్త కింద పెట్టాడు. రెండుసార్లూ పాస్కాలిస్ ముక్క ఇచ్చాడు. మొదటిసారి చదవకుండా ఇచ్చాడు, రెండోసారి చదివి ఇచ్చాడు.

జనం పలచబడ్డాక అతను అస్తేరియోస్ దగ్గరికి వెళ్ళాడు. పీఠం మీద సిమెంటు ఇంకా తడిగా ఉంది.

"కాగితంలో అలా లేదు."

"పొగిడానుగా తమ్ముడూ. ఊరంతా ఏడ్చింది."

"పంపింది నువ్వు."

అస్తేరియోస్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పంపానంటే అంత బరువెందుకు వేశావంటారు. దొరికాక ఏం చేశావంటారు. ఒకదాని వెనక ఒకటి అడుగుతారు. ఈ వయసులో నేను ఎన్నిటికి జవాబు చెప్పను? పెట్టెలో నిజమే ఉంది. అది ఎక్కడికీ పోదు."

తడి సిమెంటు మీద కర్ర మొనతో రెండుసార్లు తట్టి, జిల్లా అధికారి పక్కన భోజనానికి వెళ్ళిపోయాడు.

పాస్కాలిస్ ఆ రాతి మొహం మీద ఉమ్మేశాడు. అది మాత్రం అందరూ చూశారు. ముసలాడికి మతి నిజంగానే పోయిందనుకున్నారు. పాపం, భార్యని అంత గొప్పగా పొగిడిన రోజునే అన్నారు.

వారం తర్వాత పంతులు నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. ఊరి పోరాట చరిత్ర రాస్తున్నాడట. సిర్మో గురించి ఒక అధ్యాయం. ముద్ర వేసే రోజున తనూ ఉన్నా ఆ కాగితంలో మాటలు సరిగ్గా గుర్తు లేవు, మళ్ళీ చెప్పమన్నాడు. "ఆ రోజు సరిగా చూడలేదు తాతా. మీరు చదివారు కదా."

"అస్తేరియోస్‌ని అడుగు. అతనికి కంఠతా వచ్చు."

"అడిగాను. మీ నోటితో వింటే బాగుంటుందని."

పాస్కాలిస్ అక్రోట్ల బుట్ట ఎత్తి లోపల పెట్టాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతుల నలుపు ఇంకా పోలేదు.

"మా ఇంట్లో ఒక ఆడమనిషి ఉండేది," అన్నాడు. "పొద్దున పంపారు. సాయంత్రం రాలేదు. ఇంతే నేను చెప్పేది. దీని గురించి ఇంకెప్పుడూ నన్నడక్కు. నువ్వడిగినా, ఆ చర్చి అయ్యగారు నేను చచ్చేముందు మంచం పక్కన కూర్చుని అడిగినా, మాట్లాడను."

తలుపు వేసేశాడు.